వంతెన బొమ్మ ఉన్న పేజీ

కాలేజీ గ్రౌండులో ఆయన్ని అందరూ స్టార్టర్ సారు అంటారు. కాగితం మీద ఉద్యోగం అసిస్టెంట్ కోచ్, కానీ పరుగు పందెం ఎప్పుడు జరిగినా పిస్తోలు పేల్చే పని ఆయనదే. పిల్లలు గీత వెనక వంగాక ఆ గొంతు ఒక్కసారి ఖంగుమందంటే, గ్యాలరీలో కబుర్లు చెప్పుకునేవాళ్ళు కూడా టక్కున నోళ్ళు మూస్తారు. ఎవరైనా పిస్తోలు కంటే ముందు కదిలితే రెండోసారి పేల్చి వెనక్కి పిలుస్తాడు. అందులో మనవాళ్ళు, పైవాళ్ళు అన్న తేడా ఉండదు. ఒకసారి సొంత కాలేజీ కుర్రాడే, అదీ ఖాయంగా గెలిచేవాడే, రెప్పపాటు ముందు లేచాడని పందెం ఆపేశాడు. రెండోసారి మొదలెట్టాక ఆ కుర్రాడు మూడోవాడుగా వచ్చాడు. పెద్ద కోచ్ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. "తప్పు స్టార్టయితే తప్పు స్టార్టే సార్" అని ఈయన తాపీగా పిస్తోలు తుడుచుకున్నాడు.

ఇంత నిక్కచ్చి మనిషికి ఒక చిక్కుంది. ఆయనకి చదవడం రాదు.

అక్షరం ముక్క రాదంటే అన్యాయం చేసినవాళ్ళమవుతాం. అక్షరాలు వచ్చు. విడివిడిగా చూపిస్తే ఇది ఫలానా అని చెప్పగలడు. అవి వరసకట్టి నిలబడ్డాయంటేనే తల తిరిగిపోతుంది. కూడబలుక్కుంటూ మాట చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతాడు. అలాంటి మనిషి ఇంట్లో గోడ మీద అద్దం కట్టించిన డిగ్రీ వేలాడుతోంది. ఆ డిగ్రీలో ఏం రాసుందో కూడా ఆయన చదవలేదు, భార్య చదివి చెప్పింది.

అదెలా వచ్చిందని అడక్కండి, అడిగితే చాలామంది తలలు దించుకోవాలి. చిన్నప్పుడే కాళ్ళు బాగున్నాయని తీసుకెళ్ళి క్రీడా పాఠశాలలో వేశారు. పరీక్షలప్పుడల్లా ఏదో ఒక పోటీ ఉండేది. పోటీ నుంచి కప్పుతో వస్తే పై తరగతి, కప్పు లేకుండా వచ్చినా పై తరగతే. ఇదే కాలేజీలో ఆఖరి సంవత్సరం నోటిపరీక్ష పెట్టారు. ఒక పేజీ ముందే బట్టీ పట్టించారు. పుస్తకం పట్టుకుని ఆ పేజీ గడగడా అప్పజెప్పేశాడు. ముసలి లెక్చరర్ కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. "శభాష్, పరుగులాగే ఉందయ్యా నీ చదువు కూడా" అని భుజం తట్టాడు. ఆ ముసలాయన్ని భలే బోల్తా కొట్టించానని మన స్టార్టర్ సారు ఈనాటికీ లోలోపల అనుకుంటూ ఉంటాడు. కొంచెం గర్వంగా, చాలా భయంగా.

భయం సంగతి భార్యకే తెలుసు. ఆవిడ ఒక ఆసుపత్రిలో రోగులకి టోకెన్లు ఇచ్చే కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. పోటీ ఉన్న రోజు పొద్దున్నే ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఏ లైనులో ఎవరు పరిగెడతారో పైకి చదువుతుంది. ఆయన షూ లేసులు కట్టుకుంటూ వింటాడు. ఒక్కసారి వింటే చాలు, అంతా తలలో అచ్చు పడిపోతుంది. గ్రౌండులో కాగితం మొహానికి ఎదురుగా పట్టుకుని కంఠతా చెప్పేస్తాడు. లిస్టు ఆఖరి నిమిషంలో మారిస్తే మాత్రం గుండె జారిపోతుంది. అప్పుడు కళ్ళజోడు మరిచిపోయానంటాడు, గాలికి కాగితం ఎగిరిపోయిందంటాడు, ఒకసారైతే నిజంగానే ఎగరేశాడు. "ఎన్నాళ్ళండీ ఈ దొంగాట? రోజూ భోజనాలయ్యాక కూర్చోండి, నేర్పిస్తాను" అని ఆవిడ చెప్పీ చెప్పీ విసిగిపోయింది. కూర్చోమన్న రోజే ఆయనకి మోకాలు నొప్పి వస్తుంది.

ఇలా నడుస్తున్న బండికి పోయినేడాది ఒక గెలిచిన కుర్రాడు అడ్డం పడ్డాడు. బహుమతి ప్రదానంలో మైకు ముందు రెండు వాక్యాలు చదవమని ఇస్తే వాడు నోరు తెరవలేక నిలువునా చెమటలు కక్కాడు. ఆ వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. కాలేజీ పరువు గంగలో కలిసిందని కొత్త ప్రిన్సిపాల్ నిప్పులు చెరిగాడు. ఆటగాళ్ళందరూ సాయంత్రం ఒక గంట చదువుకోవాలి, ఆ గంట కోచ్‌లు దగ్గరుండాలి, పెద్ద పోటీకి వెళ్ళేముందు ప్రతి ఒక్కరూ లెక్చరర్ ముందు ఒక పేజీ చదివి వినిపించాలి, చదవలేకపోతే బస్సెక్కనిచ్చేది లేదు అని ఉత్తర్వు వేశాడు. ఆ ఉత్తర్వు గోడకంటించిన రోజు స్టార్టర్ సారు దాని ముందు చాలాసేపు నిలబడి, మిగతావాళ్ళు తలాడించినప్పుడల్లా తనూ తలాడించాడు.

ఆ సాయంత్రాల గంట ఆయనకి నరకం. జిమ్ పక్కన పాత బల్లలు వేసిన గదిలో పిల్లలు పుస్తకాల ముందు ఆవలిస్తూ కూర్చునేవాళ్ళు. ఈయన ఒక లావుపాటి పుస్తకం తెరిచి, లోపల లెక్కపెట్టుకుంటూ పేజీలు తిప్పేవాడు. ఎవరైనా చెయ్యెత్తి "సార్, ఇదేంటి?" అంటారేమోనని అరచేతులు తడిసిపోయేవి. అడిగితే ఏం చెయ్యాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. "నన్నడిగితే నీకేం వస్తుంది? నువ్వే ఆలోచించు" అని గదమాయించాలి. రెండుసార్లు గదమాయించాడు కూడా. పిల్లలు ఆయన్ని చండశాసనుడనుకున్నారు.

వాళ్ళలో పిడుగు అని ఒక పిల్ల ఉంది. అసలు పేరు ఆ పిల్లే మరిచిపోయేంతగా ఆ పేరు స్థిరపడింది. నాలుగు వందల మీటర్లు పరిగెడుతుంటే చూడాలి. ఆఖరి మలుపు దగ్గర అందరూ రొప్పుతుంటే ఆ పిల్ల అప్పుడే బయల్దేరినట్టుంటుంది. ఈసారి కాలేజీ ఆశలన్నీ దాని మీదే. పెద్ద పోటీలో మొదటి ఇద్దరిలో వస్తే జాతీయ శిబిరానికి తీసుకుంటారు. వయసు దాటిపోతోంది, మళ్ళీ ఏడాదికి ఆ అవకాశం ఉండదు. ఆ సంగతి పిల్లకీ తెలుసు, గ్రౌండులో గడ్డి కోసేవాడికీ తెలుసు.

చదువుకునే గదిలో పిడుగు అందరికంటే బుద్ధిగా కూర్చునేది. పుస్తకం మీంచి తల ఎత్తేది కాదు. చూసినవాళ్ళు ముచ్చటపడేవాళ్ళు. స్టార్టర్ సారు ముచ్చటపడలేదు. చదివేవాళ్ళ కళ్ళు గెంతుతూ పోతాయి, చివరికెళ్ళి చటుక్కున వెనక్కి వస్తాయి. టీ గ్లాసు పక్కన భార్య కళ్ళని ఇన్నేళ్ళుగా చూస్తున్నవాడికి ఆ గెంతులు బాగా తెలుసు. ఈ పిల్ల కళ్ళు ఒకేచోట నిలబడి ఉన్నాయి. ఆయన చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

రెండు రోజులకి పెద్ద కోచ్ ఆయన్ని పక్కకి పిలిచాడు.

"ఏమయ్యా స్టార్టర్, మన పిడుగు సంగతి తెలుసుగా. చదువులో కాస్త మొద్దు. లెక్చరర్ మేడంతో మాట్లాడాను, ఏ పేజీ అడుగుతారో చెప్పింది. ఇదిగో, వంతెన బొమ్మ ఉంది చూడు, ఆ పేజీ. దగ్గర కూర్చుని నేర్పెయ్."

"నేనా సార్?"

"నువ్వు కాక? నీ మాటే వింటుంది ఆ పిల్ల. అయినా డిగ్రీ చదివినవాడివి, ఒక పేజీ నేర్పలేవా?"

డిగ్రీ చదివినవాడికి తప్పించుకునే దారి ఒక్కటీ తోచలేదు. పుస్తకం తీసుకుని నడిచాడు.

ఆ సాయంత్రం గదిలో మిగతా పిల్లలు వెళ్ళిపోయాక ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో పుస్తకం. పేజీ కింద రాతి వంతెన బొమ్మ, దాని పైనంతా అక్షరాలు చీమల బారులా ఉన్నాయి.

"ఊఁ, చదువమ్మా. నేను వింటాను" అన్నాడు.

"ముందు మీరు ఒకసారి చదవండి సార్. ఎలా చదవాలో తెలుస్తుంది."

"నేను చదివితే పరీక్ష నేను రాసినట్టవుతుంది. నువ్వే చదువు."

"గొంతు నొప్పిగా ఉంది సార్."

"అలాగా. నాకేమో కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది."

పిడుగు ఆయన చొక్కా జేబు వైపు చూసింది. కళ్ళజోడు అక్కడే, సగం బయటికి, తాపీగా వేలాడుతోంది. ఆయన దాన్ని తీసి పెట్టుకోక తప్పలేదు. పేజీ మీదకి వంగాడు. మొదటి అక్షరం దొరికింది. రెండోది దొరికింది. మూడోదానికి వచ్చేసరికి మొదటిది జారిపోయింది. నుదుటి మీంచి ఒక చెమట చుక్క సరిగ్గా వంతెన మీద పడింది. పక్కనుంచి ఆ పిల్ల పేజీని చూడ్డం లేదు, ఆయన కళ్ళనే చూస్తోంది.

"సార్," అంది చాలా మెల్లగా, "మీరు కూడానా?"

ఆయనకి లేచి పారిపోవాలనిపించింది. ఇన్నేళ్ళు దాచుకున్నది ఇంత తేలిగ్గా, ఒక చిన్నపిల్ల నోట్లోంచి, మూడు మాటల్లో బయటికొచ్చింది. కోప్పడదామనుకున్నాడు. చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎవరికీ చెప్పకు."

పిడుగు చెప్పనన్నట్టు తల ఊపింది. తర్వాత ఫక్కున నవ్వింది. అది వెక్కిరింత కాదు. ఎన్నాళ్ళ నుంచో ఒంటరిగా మోస్తున్న బరువుకి రెండో మనిషి దొరికితే వచ్చే నవ్వు.

"అయితే చదువు రాకపోయినా బతికెయ్యొచ్చన్నమాట! మీరు ఉద్యోగం చేస్తున్నారు, అందరూ దణ్ణం పెడుతున్నారు. నాకు ఈ పేజీ ఎందుకు సార్? మీరెలా నెట్టుకొస్తున్నారో అది నేర్పండి, చాలు."

నేర్పించాడు. ఏం చెప్పమంటారు, నేర్పించాడు మరి. బ్యాంకులో కాగితం నింపాల్సి వస్తే వేలికి గుడ్డ కట్టుకెళ్ళాలి. ఎవరైనా ఏదైనా చదవమని ఇస్తే "నువ్వేమంటావ్ దీని గురించి?" అని తిరిగి ఇచ్చెయ్యాలి. నలుగురిలో ఉన్నప్పుడు మిగతావాళ్ళు నవ్విన తర్వాత నవ్వాలి, ముందు నవ్వకూడదు. చెబుతుంటే మొదట్లో హుషారుగానే ఉంది, ఇన్నాళ్ళకి తన విద్య అడిగినవాళ్ళు దొరికారని. ఆ పిల్ల ఒక్కొక్కటీ ఇట్టే పట్టేస్తుంటే ఆయనకి, ఇంత చురుకైన పిల్ల, దీనికి నేర్పాల్సింది ఇదా అనిపించింది. అనిపించినా ఆపలేదు. ఆ పిల్ల బస్సెక్కాలి, పరిగెత్తాలి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఇంటికెళ్ళి పుస్తకం భార్య ముందు పెట్టాడు. ఆవిడ చదివింది. వంతెన కట్టకముందు జనం పడవల్లో దాటేవాళ్ళట, వరదొస్తే ఒడ్డునే ఉండిపోయేవాళ్ళట. సగంలో ఆపేసింది.

"ఇది పరుగు పందెం లిస్టు కాదే. ఎవరికిది?"

చెప్పాడు. ఆవిడ పుస్తకం మూసేసింది.

"మీకు నేనున్నాను, చదివి పెడుతున్నాను. ఆ పిల్లకి జన్మంతా ఎవరు చదివి పెడతారండీ?"

"ఈ ఒక్కసారికి గట్టెక్కనీ. తర్వాత నేర్చుకుంటుంది."

"మీరు నేర్చుకున్నట్టేగా" అని ఆవిడ మళ్ళీ పుస్తకం తెరిచి మిగతా సగం చదివేసింది. ఆ మాట ఆయనకి చురుక్కుమంది. అయినా విన్నది విన్నట్టు తలలో పెట్టుకుని, మర్నాటి నుంచి పిడుగుకి ముక్క ముక్కగా అప్పజెప్పాడు. గ్రౌండు చుట్టూ నడుస్తూ ఆయన ఒక వాక్యం, ఆ పిల్ల ఒక వాక్యం. ఎక్కడ తల తిప్పాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎప్పుడు ఒక అక్షరం దగ్గర తడబడినట్టు నటించాలో కూడా చెప్పాడు. పిడుగు నాలుగో రోజుకల్లా నిద్రలో లేపినా అప్పజెప్పేలా తయారైంది. ఆయనకి మాత్రం అన్నం సహించడం మానేసింది. మేడం వేరే పేజీ అడిగితే? మధ్యలో ఏదైనా ప్రశ్న వేస్తే? దొరికితే ఆ పిల్ల బతుకు ఏమవుతుంది? తన సంగతో?

పరీక్ష రోజు వచ్చింది. చిన్న గది, పైన కిర్రుమనే ఫ్యాను, బల్ల మీద పుస్తకం నిలబెట్టే చెక్క స్టాండు. మేడం స్టాండు పక్కనే నిలబడి పిల్లలు చదివే వాక్యాల కింద వేలు నడుపుతోంది. బల్లకి అటు పెద్ద కోచ్. గోడ వారగా స్టార్టర్ సారు, చేతులు వెనక కట్టుకుని. పిడుగు వచ్చి నిలబడింది. మేడం వంతెన బొమ్మ పేజీ తెరిచింది. ఆయన ఊపిరి కాస్త కుదుటపడింది.

పిడుగు మొదలెట్టింది. చెప్పినచోట ఊపిరి తీసుకుంది, చెప్పినచోట తడబడింది. మేడం వేలు వాక్యాల కింద చక్కగా జరుగుతోంది. అంతలో ఆ వేలు కింది వరసకి మారేందుకు పైకి లేచేసరికి ఫ్యాను గాలికి పేజీ లేచింది. లేచి, ఆగి, తిరిగిపోయింది. వంతెన బొమ్మ పోయింది. అటూ ఇటూ వట్టి అక్షరాలే.

పిడుగు గమనించలేదు. దాని కళ్ళు ఎప్పట్లాగే ఒకేచోట ఉన్నాయి. పడవల సంగతి అయిపోయి వరద సంగతిలోకి వచ్చింది.

మేడం వేలు ఆగింది.

స్టార్టర్ సారు అయిపోయింది అనుకున్నాడు. మేడం తలెత్తి పెద్ద కోచ్ వైపు చూసింది. పెద్ద కోచ్ కళ్ళతోనే కానివ్వండన్నాడు. అప్పుడు ఆ వేలు మళ్ళీ కదిలింది. పిల్ల చెబుతున్నదొకటి, వేలు నడుస్తున్నదొకటి. మేడం "ఊఁ, బాగుంది, బాగుంది" అంటూ తిరిగిన పేజీ మీద, ఎవరూ చదవని వాక్యాల కింద, నింపాదిగా వేలు జరుపుకుంటూ పోయింది.

దొరికిపోలేదు. గండం గట్టెక్కింది. కానీ ఆయనకి సంతోషం రాలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ విన్న ముసలి లెక్చరర్ కళ్ళ ముందు నిలబడ్డాడు. ఆ ముసలాయన ఎందుకు పుస్తకం వైపు చూడలేదో ఇన్నేళ్ళకి అర్థమైంది. ఆయన్ని ఎవరూ బోల్తా కొట్టించలేదు. ఆయనకి తెలుసు. అందరికీ తెలుసు. ఈ కుర్రాడికి చదువొస్తే ఎంత, రాకపోతే ఎంత, పరిగెడుతున్నాడుగా అనుకున్నారు. తను ఇన్నేళ్ళు గర్వంగా దాచుకున్న దొంగతనంలో దొంగ తను కాదు, పోయిన సొత్తు మాత్రం తనది. ఒళ్ళంతా మండిపోయింది.

"ఆపు!" అని అరిచాడు. గ్రౌండులో అరిచే గొంతు, ఆ చిన్న గదిలో గోడలు అదిరాయి. "వెనక్కి రా."

పిడుగు పందెంలో ఆగినట్టే ఠక్కున ఆగింది.

"ఆ పేజీ తిరిగిపోయింది మేడం. వంతెన బొమ్మ లేదు. మీకు తెలుసు."

"ఏమయ్యా, మతి పోయిందా?" పెద్ద కోచ్ లేచాడు. "పిల్ల చక్కగా చదువుతోంటే..."

"చదవడం లేదు సార్. నేను నేర్పింది చెబుతోంది. ఆ పిల్లకి చదవడం రాదు. నేర్పిన నాకూ రాదు. ఇదే కాలేజీలో నన్నూ ఇలాగే పాస్ చేశారు."

ఫ్యాను కిర్రుమంటోంది. మేడం వేలు ఇంకా పేజీ మీదే ఉంది, తీసుకోవడం కూడా మరిచిపోయినట్టు. పిడుగు ఆయన వైపు చూసిన చూపు ఆయన జన్మలో మరిచిపోడు. బయటికి నడిచింది, మెట్ల దగ్గర్నుంచి పరుగందుకుంది.

బస్సు పిడుగు లేకుండానే వెళ్ళింది. ఆ పొద్దున స్టార్టర్ సారుని ఎవరూ గ్రౌండుకి పిలవలేదు. పిస్తోలు పెద్ద కోచ్ తీసేసుకున్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ప్రిన్సిపాల్ పోటీ నుంచి తిరిగొచ్చాక తేలుతుందన్నారు. ఇంట్లో కూర్చోలేక, ఎక్కడికెళ్ళాలో తెలియక, సాయంత్రం కాళ్ళు అలవాటుగా ఆ చదువు గదికే లాక్కెళ్ళాయి. బల్ల మీద ఆ పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దున్న భార్య ఒక్కటే చెప్పింది. "వేలు పెట్టుకుని చదవండి, సిగ్గుపడకండి. తెలియని మాట దగ్గర గీత పెట్టుకురండి, నేను చెబుతాను." మోకాలు నొప్పి ఈసారి రాలేదు.

తలుపు దగ్గర చప్పుడైంది. పిడుగు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. వచ్చి బల్లకి ఆ చివర, ఆయనకి ఎంత దూరం వీలైతే అంత దూరంలో కూర్చుంది.

"ఈపాటికి నా పందెం అయిపోయుంటుంది" అంది.

"అవును."

"ఇంకో నిమిషం ఊరుకుంటే మీ సొమ్మేం పోయేది?"

ఆయన దగ్గర జవాబు ఉంది, కానీ అది ఆ పిల్లకి ఇప్పుడు పనికొచ్చేది కాదు. "తప్పు నాదేనమ్మా, నేర్పకుండా ఉండాల్సింది నేర్పాను" అన్నాడు.

"మిమ్మల్ని క్షమించను సార్."

"వద్దులే."

పిడుగు రెండు చేతులతో మొహం గట్టిగా తుడుచుకుంది. ఆ తర్వాత బల్ల మీద ఇటు జరిగింది. పుస్తకం లాక్కుని ఆ పేజీ వెతికింది, బొమ్మని బట్టే. దొరికాక ఇద్దరి మధ్యా పెట్టి, వంతెన మీద తన అరచెయ్యి అడ్డంగా పరిచింది. ఇప్పుడు పేజీలో అక్షరాలు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

"అప్పజెప్పకూడదు. చదవాలి" అంది. "ముందు మీరు."

స్టార్టర్ సారు కళ్ళజోడు పెట్టుకుని, మొదటి అక్షరం కింద వేలు ఉంచాడు.